మా మామ అడిగిన దువా

మా మామ ఉద్యోగమంతా బస్సు కండక్టరుగానే చేశాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకూ పులివెందులకూ తిరిగే బస్సుల్లో ఆయన ఎక్కనిది లేదు. పులివెందులలో తన కొడుక్కు నన్ను చూడటానికి కూడా డ్యూటీ బస్సులోనే వచ్చి, అది తిరిగి బయలుదేరేలోపల పిల్ల నచ్చిందని చెప్పి వెళ్ళిపోయాడని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చేనాటికి మా అత్త లేదు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మా కూతురు కడపలో హాస్టల్లో ఉండి చదువుతోంది. జమ్మలమడుగు ఇంట్లో మిగిలింది మామా, నేనూ.

తెల్లవారితే డ్యూటీకి టైమైందని బస్టాండు వైపు బయలుదేరేవాడు. వెనకాలే పరుగెత్తి తీసుకొచ్చేదాన్ని. స్నానం చేయించబోతే తిట్టేవాడు. అన్నం పెట్టి పక్కకు తిరిగితే, "ఎవురమ్మా నువ్వు? యాడ దిగాల?" అని అడిగేవాడు. రోజుకు ఎన్నిసార్లో లెక్కలేదు. ఒకరోజు నేను రవిక తిరగేసి తొడుక్కుని సాయంత్రం దాకా అలాగే తిరిగాను. అది చూసి చెప్పింది పక్కింటి అక్క. ఆమె క్రైస్తవురాలు, నర్సుగా పనిచేసి రిటైరైంది. చెప్పగానే నాకు ఏడుపొచ్చింది.

"నువ్వు గూడా మనిషివే అమ్మీ," అంది అక్క. "రోజుకు పది నిమిషాలన్నా నీకని పెట్టుకో."

"పది నిమిషాలు పెట్టుకోని ఏం జెయ్యాలక్కా?"

"నేనైతే పొద్దున్నే ప్రార్థన చేసుకుంటా. మీకు రోజుకు ఐదుసార్లుండాది కదా! నాకంటే నువ్వే నయం."

నిజం చెప్పాలంటే నాకు నమాజు సరిగా రాదు. మా పుట్టింట్లో మాట్లాడేది తెలుగే. పండుగనాడు మగవాళ్ళు ఈద్గాకు పోతే మేము సేమ్యా వండేవాళ్ళం, అంతే. నాకొచ్చినవి ఖురాన్‌లోని రెండు చిన్న సూరాలు. ప్రొద్దుటూరు నుంచి తెలుగు అక్షరాల్లో ఉన్న నమాజు పుస్తకం ఒకటి తెప్పించుకుని, కూతురి పాత నోటుబుక్కులోకి పెద్ద అక్షరాలతో ఎక్కించుకున్నాను.

మొదటిరోజు మధ్యాహ్నం వుజూ చేసుకుని మామ మంచం పక్కనే చాప పరిచాను. ముఖానికీ మోచేతులకూ తగిలిన చన్నీళ్ళే సగం అలసట తీసేశాయి. నేను చేతులు కట్టుకుని నిలబడగానే మామ నోరు మూసుకున్నాడు. నమాజు ముగిసేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అన్ని నెలల్లో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అదే మొదలు. మరుసటి నమాజుకు నేను భక్తితో కాదు, ఆ నిశ్శబ్దం మీద ఆశతోనే నిలబడ్డాను. ఒకసారి సజ్దాలో నుదురు చాపకు ఆనించి అలాగే నిద్రపోయాను. మామ భుజం తట్టాడు. "లెయ్ తల్లీ, నీ స్టేజీ వచ్చింది!" నవ్వు ఆపుకోలేక మళ్ళీ మొదటినుంచి చేశాను.

మధ్యాహ్నాలు శనక్కాయలు వలుస్తూ నోటుబుక్కు చూసి పైకి చదువుకునేదాన్ని. ఒకరోజు మంచం మీంచి వినబడింది: "తప్పు. మల్లా చెప్పు."

మళ్ళీ చెప్పాను. "ఊహూ. నేను చెప్తా ఇను," అని ప్రతి నమాజులో మొదట చదివే అల్‌ఫాతిహా సూరా మొత్తం తడుముకోకుండా చదివాడు. కొడుకు పేరు గుర్తులేని మనిషి! అప్పటినుంచి ఆయనే నాకు గురువు. కఠినమైన గురువు. సరిగా పలికితే తలూపేవాడు, తప్పితే నాలుక చప్పరించేవాడు.

పని ఏమీ తగ్గలేదు. కానీ రోజంతా ఒకేసారి మోయాల్సిన బరువు పోయింది. తెల్లవారుజామున ఫజరు నుంచి మధ్యాహ్నం జుహరు దాకా ఓర్చుకుంటే చాలు. తర్వాత సాయంత్రం అసరు దాకా. అజాన్ వినబడితే ఎవరో నన్ను కూర్చోమని పీట వేసినట్టుండేది.

నమాజయ్యాక చేతులెత్తి మన మాటల్లో అడుక్కునేది దువా. అది నేను తెలుగులోనే చేసేదాన్ని. చిన్నగొంతుతో మొదలుపెట్టేదాన్ని గానీ, చెప్పుకుంటూపోతే గొంతు పెరిగేది. ఒకరోజు మామ అన్నం తట్ట విసిరికొట్టాడు. అంతా ఎత్తి, తుడిచి, నమాజు చేసి, "యా అల్లా, ఈ పొద్దు గూడా మా మామ అన్నం పారేసినాడు. నన్ను నోటికొచ్చినట్ల తిట్టినాడు. నాకు చేత కావడంల్యా," అని చెప్పుకున్నాను.

మంచం మీద మామ అంతా విన్నాడు. "ఎవురా మామ? శానా మొండోడు మాదిరుండాడే!" అన్నాడు.

"మంచోడే. జబ్బు చేసింది," అన్నాను.

"అట్లనా? పాపం," అని లేచి కూర్చుని రెండు చేతులూ ఎత్తాడు. "యా అల్లా, ఈ పాప ఒగతే కష్టపడతాంది. దీనికి ఒగ తోడు పంపు. ఆ ముసలోనికి గూడా కాస్త బుద్ధి ఇయ్యి."

"ఆమీన్" అన్నాను. కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాను. నాకోసం ఎవరో ఒకరు అల్లాను అడిగారు, అదీ ఆయన!

ఆ సాయంత్రమే ప్రొద్దుటూరులో ఉన్న మా వదినకు ఫోన్ చేశాను. ఆమె మామ కూతురే. అడిగితే ఏమనుకుంటుందోనని అన్నాళ్ళూ నోరు తెరవలేదు. "వదినా, నాతో కావడంల్యా. వారానికి రెండు దినాలు వస్తావా?" అన్నాను.

"ఇంత కాలం అడగకుండా ఏం జేస్తాండావు నువ్వు?" అని నన్నే కోప్పడింది. ఆ ఆదివారమే సంచి సర్దుకుని బస్సెక్కి వచ్చింది. అప్పటినుంచి వారంవారం వస్తోంది. మామ ఆమెనూ గుర్తుపట్టడు. అయినా ఆమె తినిపిస్తే మారుమాట లేకుండా తింటాడు. నాకు కాస్త కుళ్ళుగానే ఉంటుంది.

పోయిన నెల మామను వదినకు అప్పజెప్పి మూడు రోజులు పులివెందులలో మా అమ్మ దగ్గరికి పోయొచ్చాను. మొదటిరోజు ఫజరు చేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచేసరికి ఎండ నడినెత్తికెక్కింది. అమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, నేను తినేదాకా పక్కనే కూర్చుంది. నేను జుహరుకు చాప పరుస్తుంటే కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి పక్కన వేసుకుంది. "నాకు మోకాళ్ళు వంగవు. కూచోని చేస్తే ఎట్ల జెయ్యాలో చెప్పు," అంది. ఆ మూడు రోజులూ ఇద్దరం కలిసే చేసుకున్నాం.