ఓడిపోవడానికి నేను వేసిన లెక్క

ఇరవై రెండుమంది మగాళ్ళు పట్టపగలు, రిఫరీ కళ్ళముందే, ఒక మ్యాచ్ ఓడిపోవడానికి పోటీపడ్డారంటే నమ్ముతారా? ఆ ఘోరానికి కారకుణ్ణి నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా క్యాంపులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నేను గల్ఫ్‌లో, సులై అనేచోట ఏసీ మెకానిక్‌ని. శుక్రవారాలు గోదాముల వెనక మట్టి మైదానంలో ఫుట్‌బాల్ టోర్నమెంట్ జరిగేది. జట్టులో నేను రైట్ బ్యాక్‌ని. నా దృష్టిలో మాత్రం ప్రధాన గణిత సలహాదారుణ్ణి.

గ్రూపులో చివరి మ్యాచ్ బంగ్లాదేశీ జట్టుతో. రెండు జట్లూ అప్పటికే సెమీఫైనల్‌కి చేరిపోయాయి. పాయింట్లు సమానం, గోల్స్ తేడాలో మేం ఒక్కటి ముందు. అంటే డ్రా అయినా గ్రూపులో మేమే మొదటి. అందరూ సంతోషించారు, నేను తప్ప. ఎందుకంటే మొదటి జట్టుకి సెమీఫైనల్లో తగిలేది మలయాళీ జట్టు. అవతలి గ్రూపులో ఏదో పొరపాటున రెండో స్థానానికి జారింది గానీ, వాళ్ళు బంతిని తంతే గోల్‌కీపర్‌తో సహా వలలో పడేది. మా గ్రూపులో రెండో జట్టుకేమో అక్కడ మొదటొచ్చిన పెయింటర్ల జట్టు దొరుకుతుంది. పాపం, వాళ్ళకి నాలుగడుగులు పరిగెడితే ఆయాసం.

మా కెప్టెన్ సాయన్న జగిత్యాల మేస్త్రీ. బూట్లు కట్టుకుంటున్నవాడి చెవిలో ఊదాను.

"అన్నా, ఇయ్యాల మనం ఓడాలె."

"దిమాక్ ఖరాబైందారా నీకు?"

"లెక్క చూడన్నా! ఓడితే పెయింటర్లు, గెలిస్తే మలయాళోళ్ళు."

సాయన్న తల గోక్కున్నాడు. "సరే తియ్. సదువుకున్నోనివి, నువ్వు చెప్తే గంతే."

నేను చదివింది ఐటీఐ.

మ్యాచ్ మొదలైంది. మేం బంతిని మర్యాదగా వాళ్ళకి అప్పగించాం. వాళ్ళు అంతకన్నా మర్యాదగా తిరిగిచ్చారు. ఖాళీ గోల్ ముందు నిలబడి వాళ్ళ ఫార్వర్డ్ బంతిని ఆకాశంలోకి తన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, అటువైపు కూడా నాలాంటి మేధావి ఒకడున్నాడని!

వాళ్ళ కెప్టెన్ రఫీక్ వచ్చి బతిమాలాడు. "భాయ్, ఏక్ గోల్ మారో నా!"

"పహలే ఆప్!" ముందు మీరే కానివ్వండన్నాను.

ఇక లాభం లేదని మా గోల్‌లోకి నేనే ఒకటి తన్నాను. ప్రాణాలకు తెగించి పరుగెత్తుకొచ్చి, గీత మీద దాన్ని ఆపిందెవరనుకున్నారు? రఫీక్! తన జట్టుకొచ్చే గోల్‌ని అలా అడ్డుకున్న వీరుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

రిఫరీ, సూడానీ పెద్దాయన, ఈల ఊది ఇద్దరు కెప్టెన్లనీ పిలిచాడు. "ఆడితే ఆడండి. లేదంటే రెండు జట్లూ ఖలాస్!"

సాయన్న తిరిగొచ్చి నావైపు ఒక చూపు చూశాడు. ఆ ఎండలో ఏసీ లేకుండానే చల్లబడ్డాను. "లెక్కలు బంద్ జెయ్. బంతి ఆడు."

ఆడాం. ఆ చివరి ఇరవై నిమిషాలు రెండు జట్లూ జైలు నుంచి విడుదలైనట్టు ఆడాయి. రెండు గోల్స్‌తో గెలిచి, నేను అంత భయపడ్డ మొదటి స్థానంలోనే నిలిచాం.

తర్వాతి శుక్రవారం పెయింటర్లు రఫీక్ జట్టు మీద నాలుగు గోల్స్ కొట్టి గెలిచారు. మేం సాయన్న కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో మలయాళీ జట్టుని ఇంటికి పంపాం! ఫైనల్లో ఓడిపోయాం గానీ, గెలవాలని ఆడి ఓడితే అన్నం సయిస్తుందని ఆ రోజే తెలిసింది.

కాబట్టి సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పాయింట్ల పట్టిక ముట్టను. బంతి దొరికితే అవతలివాళ్ళ గోల్‌లోకే తంతాను. కాకపోతే హాఫ్ టైమ్ తర్వాత అది ఎటువైపు ఉంటుందో ఎవరైనా కాస్త చెబుతుండాలి.