హబ్బు చల్లారేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో పడవ కంటే పడవబండికే మర్యాద ఎక్కువ. ట్రాక్టరు వెనక తగిలించే రెండు చక్రాల ఇనుపబండి అది. తుపాన్ల నెలల్లో ముత్తుకూరు వైపు మరమ్మతుకు పోయిన పడవల్ని మళ్ళీ మా ఉప్పుటేటికి చేర్చడం మా తాతయ్య పని. ఒడ్డున బండిని వెనక్కి నడిపి, పడవ తేలేదాకా చక్రాల్ని నీళ్ళలోకి దించాలి.

దించే ముందు ఆయనకో అలవాటు. చక్రం నడిమి హబ్బు మీద చేతి వెనక వైపు ఆనించి చూసేవాడు. అంతదూరం తిరిగొచ్చి అది వేడిగా ఉందా, ఇక అంతే, బండి నీడన కూర్చుని చద్దన్నం మూట విప్పేవాడు. వెనక వచ్చిన బండ్లన్నీ ముందే దిగిపోయేవి. ముసలాయనకు ఆకలెక్కువని ఒడ్డున అందరూ నవ్వేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడనుకుంటా, ఊరి పెద్దలు చేపల వేట మొదలుపెట్టే రోజు చెప్పేశారు. ఇంకా రెండు రోజులే ఉంది. ఆ రోజు మా పడవ, మర్నాడు పక్కింటి అక్క పడవ తేవాలి. మొగుడు పోయాక మనుషుల్ని పెట్టుకుని నడుపుకుంటోంది ఆమె. మొదటి రోజుకు పడవ నీళ్ళలో లేకపోతే ఆ మనుషులు వేరే పడవ ఎక్కేస్తారు. ఇక ఆ ఏడంతా ఆమెకు వేట లేనట్టే.

ఏటి ఒడ్డున తాతయ్య ఎవరితోనో మాట్లాడుతూ కాస్త దూరం వెళ్ళాడు. ఇదే సందని ట్రాక్టరు తోలే మామ దగ్గరికి పరుగెత్తాను. "తాత సరే అన్నాడు మామా, దించు." చక్రాలు మునగ్గానే హబ్బుల్లోంచి బుసబుసా బుడగలొచ్చాయి. పడవ తేలింది. తాతయ్య వచ్చి చూసి, పడవ తాడు అందుకుని ఒడ్డున కట్టేశాడు. గెలిచాననుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఖాళీ సత్తు చెంబు పొయ్యి మీద వేడిచేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో బోర్లించాడు. చూస్తుండగానే పళ్ళెంలో నీళ్ళు చెంబులోకి ఎక్కిపోయాయి. "వేడిమీదుండేది చన్నీళ్ళు తగిల్తే ఇట్టా తాగేస్తాది పాపా," అన్నాడు. తర్వాత హబ్బు మూత ఊడదీశాడు. లోపల నల్లగా ఉండాల్సిన గ్రీజు మజ్జిగలా తెల్లబడిపోయింది. "ఉప్పునీళ్ళు. ఇట్టనే పోతే బేరింగు పట్టేసి చక్రం దోవలో ఊడిపోతాది. ఆ పిల్ల పడవ రోడ్డు మీదే ఉండిపోతాది."

ఎవరు దించమన్నారని ఆయన అడగలేదు. అడిగినా బాగుండేది. నేనే ఏడుస్తూ చెప్పేశాను.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని బేరింగులు కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు అంచును దానికేసి నొక్కాలి, అవతలి వైపు గ్రీజు తొంగిచూసేదాకా. పైపైన పూస్తే లాభం లేదు. నా చేతులు చిన్నవి గనక చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు, నా చేతిలోంచి లాక్కోనూ లేదు.

మర్నాడు అక్క పడవతో ఏటి ఒడ్డుకు చేరాం. దించమంటావా అన్నట్టు మామ తాతయ్య వైపు చూశాడు. "పాపనడుగు," అన్నాడు తాతయ్య. "ఆమె సరే అంటేనే దించేది."

హబ్బు మీద చెయ్యి ఆనించాను. వేడిగా ఉంది. ఇంకా లేదన్నాను. అక్క కొంగు మెలిపెట్టుకుంటూ నిలబడింది. వెనకొచ్చిన బండ్లు దిగిపోయాయి, ఒడ్డున నవ్వులూ వినబడ్డాయి. నాకేమీ సిగ్గనిపించలేదు. నాలుగోసారి చూస్తే చల్లగా తగిలింది. సరే అన్నాను. చక్రాలు మునిగాయి. బుడగ ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు మా బండి కొత్తది, తోలేది నా మనవడు. అయినా ఏటి ఒడ్డుకు రాగానే "అవ్వా, చెయ్యి పెట్టు" అని పిలుస్తాడు. నేను సంతోషంగా పోతాను. తన పేరు చెప్పి అబద్ధమాడిన నోటికే మా తాతయ్య మర్నాడు ఆ 'సరే'ను అప్పగించాడు. చెయ్యి పెట్టి చూడకుండా ఆ మాట నా నోట ఈనాటికీ రాదు.