సొరుగులోని పిట్టకి పదకొండు సెకన్లు

ఎవరైనా దెయ్యాన్ని చూశామని చెబితే నేను మొదట అడిగేది టైమెంత అని. "అర్ధరాత్రండీ" అంటారు. అర్ధరాత్రి అనేది టైము కాదు. లైటు వెలుగుతోందా, మీకు ఎంత దూరంలో ఉంది, పక్కన ఇంకెవరున్నారు అని అడిగేసరికి కథ నీరుగారిపోతుంది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, నా ప్రశ్నలకి నిలిచిన దెయ్యం ఒక్కటీ లేదు. అందుకే నమ్మలేదు.

ఇప్పుడు రాయబోయేదానికి మాత్రం టైము, దూరం, సాక్షి మూడూ ఉన్నాయి. అదే నా ఇబ్బంది.

నేను ఇంగ్లీషు డాక్యుమెంటరీలకి తెలుగు వ్యాఖ్యానం రాస్తాను. వాళ్ళు ఆరు సెకన్లలో చెప్పిన వాక్యం మనమూ ఆరు సెకన్లలోనే చెప్పాలి. అందుకని శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లో, స్టాప్‌వాచ్ పట్టుకుని తెర మీది బొమ్మ ముందు కూర్చుంటాను. ప్రతి షాటుకీ రిజిస్టర్లో ఒక వరుస ఉంటుంది. మొదలు, ముగింపు, ఎన్ని సెకన్లు, వెనక ఏ శబ్దం. ముప్పై ఒక్క ఏళ్ళకి నలభై ఆరు రిజిస్టర్లయ్యాయి. సెకను తేడా వచ్చిందని ఏ స్టూడియో నుంచీ మాట రాలేదు.

ఇప్పుడు ఆ పేరు మీదే పని దొరుకుతోంది. ఫిల్మ్ నగర్‌లో నాకు పనిచ్చే స్టూడియో మేనేజరు స్వప్న మంచి పిల్లే. అయినా, కంప్యూటరు అరగంటలో అనువాదం చేసి పడేస్తోంది ఆంటీ అని ఒకే నెలలో రెండుసార్లు అంది. ఒక్క తప్పు దొరికితే నన్ను ఇంట్లో కూర్చోబెట్టడం సులువని నాకు అర్థమైంది.

పోయిన వేసవిలో పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల మీద సినిమా ఒకటి వచ్చింది. పడవల్లో వచ్చి అక్కడ స్థిరపడ్డ మనుషులు, వాళ్ళ రాజులు, ఆ రాజుల పైవస్త్రాల కోసం పిట్టల ఈకలు ఏరిన వేటగాళ్ళు. తర్వాత పరాయి ఓడలు, ఆ ఓడల నీళ్ళ పీపాల్లో దోమలు. దోమలు తెచ్చిన జబ్బుకి అక్కడి పిట్టలు రాలిపోయాయి. మిగిలినవి చలికి దోమలు బతకని కొండ ఎత్తులకి ఎక్కాయి. ఇప్పుడు ఎండలు ముదిరి దోమలూ పైకి ఎక్కుతున్నాయి. ఆ దోమల గుడ్లు పిల్లలు కాకుండా చెయ్యడానికి అక్కడివాళ్ళు మరో రకం మగదోమల్ని పెంచి హెలికాప్టర్లలోంచి వదులుతున్నారు.

మన గోరింకలూ ఆ సినిమాలో ఉన్నాయి. చెరుకు చేలల్లో పురుగుల్ని తింటాయని ఇక్కణ్ణుంచి ఓడల్లో తీసుకెళ్ళారట. అవి అక్కడి పిట్టల గూళ్ళకే ఎసరు పెట్టాయి.

నలభై రెండో నిమిషంలో ఒక మ్యూజియం వస్తుంది. చెక్క సొరుగు లాగుతారు. లోపల నల్లటి పిట్టలు, తోక దగ్గర కాస్త పసుపు, వెల్లకిలా వరసగా పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కోదాని కాలికి ఒక్కో చీటీ. ఆ పిట్ట పేరు మామో. అది లేకుండా పోయి నూరేళ్ళ పైమాటే.

షాటు పద్దెనిమిది సెకన్లు. ఇంగ్లీషు వ్యాఖ్యాత అక్కడ ఏమీ మాట్లాడడు. సొరుగు తెరుచుకోగానే పిట్ట కూత వచ్చింది. ఈల లాంటిది, ఒకటే స్వరం, సాగి సాగి వదిలేస్తుంది, మళ్ళీ అందుకుంటుంది. పదకొండు సెకన్లు. ఆ తర్వాత ఏడు సెకన్లు నిశ్శబ్దం. చచ్చిన పిట్ట మీద బతికిన గొంతు పెట్టాడు, దర్శకుడు పని తెలిసినవాడే అనుకున్నాను. నా అలవాటు ప్రకారం మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ పదకొండే. రిజిస్టర్లో రాశాను.

రికార్డింగు బుధవారం పెట్టారు. పదకొండూ ఇరవైకి ఆ షాటు దగ్గరికొచ్చాం. చదివేది యాదగిరి, యూసుఫ్‌గూడ నుంచి వస్తాడు, పదేళ్ళుగా నా రాతకి అతనిదే గొంతు. అద్దం అవతల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. సౌండ్ ఇంజినీరు పవన్, నేను ఇవతల. యాదగిరికీ నాకూ మధ్య ఎనిమిది అడుగులు.

ముందు మేమిద్దరం ఆ షాటు ఒకసారి విన్నాం. కూత లేదు.

మాటలు తీసేసి పంపే శబ్దాల ట్రాకులో మర్చిపోయి ఉంటారన్నాను. పవన్ ఇంగ్లీషు అసలు సినిమా పెట్టాడు. అందులోనూ లేదు. తెర మీద శబ్దం గీత చూపించాడు, చదునుగా ఉంది. ఇంట్లో నేను విన్న ఫైలు నా బ్యాగులోనే ఉంది. అది పెట్టించాను. ఏమీ లేదు.

టీవీలో అంతసేపు శబ్దం లేకపోతే కేబులు పోయిందనుకుంటారు మేడమ్ అని పవన్ తన దగ్గరున్న పిట్ట కూతల్లోంచి ఒకటి తెచ్చి అక్కడ వేశాడు. విన్నాను. గోరింక.

"ఆ పిట్ట గూట్లో దూరినదాని గొంతే దీనికి పెడతావా?" అన్నాను.

స్వప్న లోపలికొచ్చింది. విషయం విని, రిజిస్టరు చూసి, మెల్లగానే అడిగింది. "రిజిస్టరు తప్పా ఆంటీ, ఫైలు తప్పా? క్లయింటుకి ఏదో ఒకటి రాయాలి కదా."

మూడు ఫైళ్ళు ఒక వైపు, నేను ఒక్కదాన్ని ఒక వైపు. క్లయింటుకి వెళ్ళే కాగితం మీద ఏం పడుతుందో నాకు తెలుసు. "రిజిస్టరు తప్పని రాసుకో అమ్మా. గోరింక మాత్రం తియ్యండి" అన్నాను.

సరే, తర్వాతి షాటులో మాట ఉంది కదా, దాన్ని ముందుకి జరిపి సొరుగు తెరుచుకోగానే మొదలుపెట్టేద్దాం అంది స్వప్న. ఇదంతా యాదగిరికి వినపడలేదు. అతని గది తలుపు మూసి ఉంది, మా మైకు ఆపి ఉంది, రిజిస్టరు నా ఒళ్ళో ఉంది. పవన్ మైకు వేసి, ఎర్ర లైటు వెలగ్గానే చదువన్నా అని మాత్రం చెప్పాడు.

సొరుగు తెరుచుకుంది. లైటు వెలిగింది. యాదగిరి చదవలేదు. తల కాస్త వంచి కూర్చున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

పవన్ ఆపేసి విసుక్కున్నాడు. లైటు చూళ్ళేదా అన్నా అన్నాడు.

"చూసిన తమ్మీ. పిట్ట కూస్తుంటే దాని మీద నేనెట్ల చదువుత? ఆగినంక అందుకున్న."

పవన్ తెర మీద లైటు నుంచి గొంతు దాకా కొలిచాడు. నేను అడగలేదు, అతనే చదివాడు. పదకొండు సెకన్లు.

మళ్ళీ వేశారు. ఈసారి యాదగిరి హెడ్‌ఫోన్లు తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇందాక ఉండె కద అమ్మా, ఏడ పోయింది అని అడిగాడు. ఆ షాటుని మాట లేకుండా అలాగే వదిలెయ్యమని స్వప్న పవన్‌కి చెప్పి వెళ్ళిపోయింది. క్లయింటుకి ఏం రాసిందో నాతో అనలేదు.

వారం తర్వాత సినిమా తీసినవాళ్ళ దగ్గర్నుంచి జవాబొచ్చింది. అక్కడ నిశ్శబ్దం కావాలనే పెట్టారట. మామో ఉన్న రోజుల్లో శబ్దం పట్టే యంత్రం ఆ అడవులకి చేరలేదు. దాని గొంతు ఎక్కడా రికార్డు కాలేదు.

నా మీద నాకే అనుమానం వచ్చి చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాను. గంట పరీక్ష చేశారు. సన్నటి ఈలలు నాకు వినపడటం మానేసి కొన్నేళ్ళయి ఉంటుందట. వినపడనివి వినిపిస్తాయా అని అడిగాను. చెవిలో హోరు రావచ్చమ్మా అన్నారు. నా హోరు అద్దం అవతలి మనిషికి ఎలా వినపడుతుందో అడగలేదు.

యాదగిరి ఇప్పుడు కూడా నా రాత చదువుతున్నాడు. ఆ మాట ఎత్తితే మాత్రం, ఊకో అమ్మా, అంటాడు. స్వప్న పని పంపుతూనే ఉంది. ఉదయం పదకొండూ ఇరవైకి నేను ఫ్యాను ఆపేస్తున్నాను. బాల్కనీలో గోరింకలు అరుస్తుంటాయి. వాటి అరుపు సందుల్లో ఏదో ఉన్నట్టు స్టాప్‌వాచ్ మీద వేలు పెట్టుకుని నుంచుంటాను. ఒక్కరోజూ నొక్కలేదు.

నలభై ఆరో రిజిస్టర్లో ఆ వరుస తప్పని స్టూడియోలో నేనే ఒప్పుకున్నాను. తప్పుని ఎర్ర పెన్నుతో కొట్టెయ్యడం నా పద్ధతి. మూడుసార్లు పెన్ను మూత తీశాను. కొట్టేస్తే, యాదగిరి ఆగిన పదకొండు సెకన్లని ఏ వరుసలో రాయాలో తెలియక మళ్ళీ మూత పెట్టేశాను.