ముద్ర కొట్టిన జ్వరం పొట్లాలు

మొన్న మంగళవారం పొద్దున తపాలా సంచి మోసే మనిషి మా మగ్గం గుంట దగ్గర ఆగి, "పోస్టు అయ్యవారు పోయినారప్పా, జ్వరంతో" అన్నాడు. నేను నాడె విసురుతూనే ఉన్నాను. ఇంకో జానెడు నేత సాగాక గానీ ఆ మాట నాకు అందలేదు.

ఆయన మా బడిపంతులు. నాకు అక్షరాలు దిద్దించినదీ ఆయనే. బడి వసారాలో పోస్టాఫీసు కూడా ఆయనే నడిపేవారు. మా వైపు వానలు వెనకబట్టగానే చలిజ్వరం దిగుతుంది. డాక్టరు ఉన్నది బద్వేలులో. బండి బాడుగ పెట్టుకుని పోగలిగిన ఇల్లు మా సాలెవీధిలో ఒక్కటీ లేదు. సర్కారు క్వినైను పొట్లాలను పోస్టాఫీసుల్లో కానీకొకటి అమ్మించేది. అంచేత మాకు డాక్టరూ ఆయనే, ఆస్పత్రీ ఆ వసారానే.

పోస్టాఫీసు మందు కాబట్టి దాని మీద పోస్టు ముద్ర ఉండాలని మా వాళ్ళు పట్టుబట్టేవారు. ముద్ర లేనిది దొంగ మందట. "ముద్రలో ఏముండాది తల్లీ, గుణమంతా చేదులో ఉండాది" అని ఆయన నవ్వేవారు. ఒక ముసలమ్మ ముద్ర లేదని పొట్లాన్ని దిబ్బలో పారేసిందని తెలిశాక వాదించడం మానేశారు. కార్డు మీద కొట్టినట్టే ప్రతి పొట్లం మీదా తేదీ ముద్ర కొట్టేవారు. తనిఖీకి వచ్చిన అధికారి కేకలేస్తే, "ముద్ర పడితేనే మింగుతారు సార్, నన్నేం చేయమంటారు?" అన్నారట. ఎదురుగా మింగించి, నీళ్ళు తాగించి గానీ ఎవరినీ పంపేవారు కాదు.

యుద్ధం వచ్చాక పొట్లాలు రావడం తగ్గిపోయింది. పోయిన వారం నా ఏడేళ్ళ కూతురు వణికిపోతుంటే భుజాన వేసుకుని పరుగెత్తాను. ఆయన కంబళి కప్పుకుని కూర్చున్నారు. పెట్టె అడుగు నుంచి మూడు పొట్లాలు తీశారు. చెయ్యి అదిరి ముద్ర సగమే పడింది.

"ఇంకా ఉండాయా అయ్యవారూ?" అన్నాను.

"నీకెందుకప్పా అది? బిడ్డను చూసుకోపో" అన్నారు. వయసు మీద పడిందనుకున్నాను.

దహనం అయ్యాక ఆయన భార్య నాతో చెప్పింది. "అవే ఆఖరువి నాయనా. అప్పటికే మా ఇంటాయనకు రెండు దినాల నుంచి జ్వరం. నేను వద్దంటే, బిడ్డ తట్టుకోలేదు, నేను తట్టుకుంటాలే అన్నాడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నాకు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. కృతజ్ఞత అని రాయబోతే సిగ్గేస్తోంది.

ఆ రోజు స్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికి నా కూతురు పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తింటోంది. జ్వరం వదిలిన ఆకలి.

"నాయినా, ఇంకొగటి తినేదా?" అంది.

తినమ్మా అన్నాను. తింటుంటే తడిబట్టలతోనే చూస్తూ నిలబడ్డాను.