కాల్స్ లేవని రాసిన చోటికి

ఆ జిల్లా వాళ్ళు ఒక కన్సల్టెంటును పెట్టుకున్నారు. ఆ కన్సల్టెంటును నేనే. టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరై, సికింద్రాబాదులో కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ ఉన్నదాన్ని. నా పాత ఆఫీసరు ఒకాయన నా పేరు చెప్పాడట. ఒక్క నెంబరు కొడితే ఇంటి ముందుకు అంబులెన్సు వచ్చే రోజులు అప్పటికింకా రాలేదు. జిల్లాలో ఆపద కాల్స్ మూడు చోట్లకు వెళ్ళేవి. ఏలూరులో పెద్ద కాల్ గది, తాడేపల్లిగూడెంలో మంటల కబుర్లకు ఒక గది, కొల్లేరు అంచున వరద పోస్టు. ఈ మూడింటినీ ఏలూరులో ఒకే గదిగా కలపవచ్చా లేదా అన్నది నేను తేల్చాలి.

నిజం చెప్పాలంటే ఇంట్లో కూర్చునే తేల్చేశాను. మూడు చోట్ల రిజిస్టర్ల నకళ్ళు, టెలిఫోను బిల్లులు కట్టగట్టి పోస్టులో పంపారు. రిజిస్టర్లు చదివాను, బిల్లుల జోలికి పోలేదు. కొల్లేరు పోస్టు రిజిస్టరులో మూడేళ్ళుగా ప్రతిరోజూ ఒకటే మాట, అందమైన గుండ్రటి దస్తూరీతో: ‘కాల్స్ లేవు’. ఇంకేముంది, ‘కొల్లేరు పోస్టు అనవసరం, ఎత్తివేయవచ్చు, టెలిఫోను నెంబరు రద్దు చేయవచ్చు’ అని చిత్తుప్రతి రాసేశాను. వడ్లగింజలో బియ్యపుగింజ అనుకున్నాను. కానీ చూసి వచ్చామన్న మాట కాగితం మీద ఉండాలి కదా, అందుకని బయలుదేరాను.

సికింద్రాబాదులో రాత్రి బండి ఎక్కితే తెల్లవారి ఆరు ముప్పావుకి ఏలూరులో దించింది. స్టేషను ఎదురుగా హోటల్లో పెసరట్టు, ఉప్మా. పక్కవీధి లాడ్జిలో గది. మేడ మీది గదులు తీసుకోకండి, నీళ్ళు ఎక్కవు. పదింటికి కాల్ గదికి వెళ్ళాను. నలుగురు మనుషులు, ఆరు ఫోన్లు, గోడకు జిల్లా మ్యాపు. చక్కగా, శుభ్రంగా ఉంది. ఫోను రాగానే అచ్చువేసిన ఫారం తీస్తారు. పేరు, తండ్రి పేరు, వయసు, గ్రామం, మండలం, తర్వాత విషయం. ‘ప్రస్తుతం ఎక్కడున్నారు’ అనేది ఏడో గడి.

“ఎక్కడున్నారన్నది ముందు అడగకూడదా?” అన్నాను ఇన్‌ఛార్జితో.

“అడగొచ్చండి. కానీ ఫారం ఇలా అచ్చయిపోయిందండి. ఇంకా రెండు బీరువాలున్నాయండి.”

నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో రోజు ఉదయం ఎనిమిదీ పదికి పాసింజరు ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. గంట ప్రయాణం. నా పక్కన పెంటపాడు ఆవిడ ఒకరు, వియ్యపురాలికి పూతరేకులు పట్టుకెళ్తూ, నేనెవరో కనుక్కుని, “మంటలొస్తే ఎవరికి ఫోను చెయ్యాలో మీరు చెప్తారా అండీ? మేవైతే ముందు పక్కింటోళ్ళని పిలుత్తామండి” అంది. గూడెంలో దిగగానే ఉల్లిపాయల వాసన. మార్కెట్ వైపు లారీలు బారులు తీరి ఉన్నాయి. మంటల గదిలో ఒక పెద్దాయన ఫోను దగ్గర కూర్చుని ఉన్నారు. మావాళ్ళకు మర్యాద ఎక్కువండి, అదే మాకు చిక్కండి అంటూ ఒక సంగతి చెప్పారు. క్రితం వారం ఒక రైతు ఫోను చేసి, “ఏవండీ, భోజనాలయ్యాయాండి? మిమ్మల్ని ఇబ్బంది పెడతన్నానేమోనండి” అని ఒక నిమిషం కుశలం అడిగాక, గడ్డివాము అంటుకుందండీ అన్నాడట.

“మరి మీరేం చేశారు?”

“భోంచేశానండి అని చెప్పి బండి పంపించానండి. సమాధానం చెప్పకపోతే బాగోదు కదండీ.”

కడుపుబ్బ నవ్వాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి స్టాండు పక్క మెస్సులో భోజనం, ముద్దపప్పు, ఆవకాయ, చేపల పులుసు. సాయంత్రం బస్సులో ఏలూరు వచ్చేశాను. ఇక్కడిదాకా నా ప్రయాణం సరదాగానే సాగింది.

మూడో రోజు ఏడున్నరకి కైకలూరు వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. ఊరు దాటిన అరగంటకు పొలాలు పోయి రెండు వైపులా నీళ్ళే. చేపల చెరువు, గట్టు, చెరువు, గట్టు. గట్ల మీద మోటారు షెడ్లు, మేత బస్తాలు. ఈ గట్లు ఉంటాయా కొట్టేస్తారా అన్నదే బస్సులో మాటంతా. నా గురించి కూడా ఇద్దరు గుసగుసలాడారు, గట్లు కొలవడానికి వచ్చిన ఆఫీసరమ్మనుకుని. సర్వే మనిషిని కాదు, ఫోన్ల మనిషిని అన్నాక నాకు కిటికీ పక్క సీటు ఇచ్చారు. దారిలో బడి గోడల మీద, వంతెన మీద ఎర్రరంగుతో పోస్టు నెంబరు రాసి ఉంది, ‘ఆపదలో ఈ నెంబరుకు ఫోను చేయండి’ అని. రద్దు చేశాక ఇవన్నీ చెరిపించాలి కాబోలు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

తొమ్మిదింటికి బస్సు దిగి, ఆటోలో మట్టిరోడ్డున లంక ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర. పోస్టు అంటే రెండు గదులు, ఒక జెండా కర్ర, చెరువు ఒడ్డున తలకిందులుగా బోర్లించిన పడవ. అక్కడి మనిషి పేరు సుబ్బారావు, యాభై దాటిన వాడు, ఇస్త్రీ చొక్కా. ఆ గుండ్రటి దస్తూరీ ఆయనదే. నాకు కొబ్బరిబొండాం కొట్టించి, రిజిస్టరు తుడిచి ముందు పెట్టాడు. ఆ రోజు తేదీ వేసి అప్పటికే రాసేశాడు: కాల్స్ లేవు.

“ఇంకా పదన్నా కాలేదు కదయ్యా. రోజంతా ఉంది. రాకూడదని ఏముంది?”

“రావండి.”

ఎందుకో అప్పుడు చెయ్యి దానంతటదే వెళ్ళి రిసీవరు ఎత్తింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. చెవి దగ్గర పెట్టుకున్నాను. డయల్ టోను లేదు. గరగర కూడా లేదు. ఫోను చచ్చి ఉంది.

“ఎన్నాళ్ళయింది?”

“మూడేళ్ళండి. గాలివానకి స్తంభాలు పడిపోయాయి కదండీ, అప్పటినుంచండి.”

“మూడేళ్ళ నుంచి చచ్చిన ఫోను ముందు కూర్చుని కాల్స్ లేవని రాస్తున్నారా?”

సుబ్బారావు ముఖం చిన్నబోయింది. “రాలేదనే కదండీ రాశాను. అబద్ధం రాయలేదండి. ఫోను పనిచెయ్యట్లేదని రాయడానికి గడి లేదండి. రెండుసార్లు అర్జీ పెట్టానండి, జవాబు రాలేదండి.” గొంతు తగ్గించి అన్నాడు. “కానీ మన నెంబరు మోగుతానే ఉందండి. ఐసు ఫ్యాక్టరీలో మోగుద్దండి.”

నాకు అర్థం కాలేదు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం, పావుగంట దారి. సుబ్బారావు దారిలో సంగతి చెప్పాడు. గాలివాన తర్వాత నిలబడిన చివరి స్తంభం ఐసు ఫ్యాక్టరీ దగ్గరే. అప్పటి లైన్‌మన్, జనం ఇబ్బంది పడతారని, పోస్టు తీగను తాత్కాలికంగా ఫ్యాక్టరీకి తగిలించాడట. కొత్త స్తంభాలు వచ్చాక మారుద్దామన్నాడట. స్తంభాలు రాలేదు. లైన్‌మన్ చనిపోయాడట.

“మరి అక్కడికొచ్చిన కాల్స్ అయినా మీ పుస్తకంలో ఎక్కించాలి కదా!”

“ఇక్కడ మోగలేదు కదండీ. మోగని కాల్ మోగిందని ఎలా రాస్తానండి?”

కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు. నిజాయితీకి కూడా ఒక గుడ్డితనం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఐసు ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, కాళ్ళకింద ఎప్పుడూ తడి, మోటారు మోత. ఫోర్‌మన్ ప్రభుదాసు, అరవై దగ్గరపడ్డ మనిషి, మెడలో తువ్వాలు. ఫోను చెక్క అరమారలో, దాని పక్కన చర్చి క్యాలెండరు, సండే స్కూలు పిల్లలకిచ్చే నోటుపుస్తకం. తెరిచాను. మూడే గడులు, చేత్తో గీసినవి. ఎక్కడ. ఏమైంది. ఎవరు వెళ్ళారు. పేజీ తర్వాత పేజీ. ‘ఎర్ర షెడ్డు గట్టు, కరెంటు షాకు, వ్యాను వెళ్ళింది.’ ‘వంతెన అవతల, పురిటి నొప్పులు, వ్యాను, మా ఆవిడ.’ ‘దోనె తిరగబడింది, ఇద్దరు, సుబ్బారావు గారు, నేను.’

నేను ‘అనవసరం’ అని రాసిన చోట ఇన్ని ప్రాణాలు వరసగా కూర్చుని ఉన్నాయి.

“ఇదంతా మీరే చూస్తున్నారా అయ్యా?”

“ఫ్యాక్టరీ ఆగదు కదండీ, ఎప్పుడూ ఎవరో ఒకరం ఉంటామండి. ఐసు వ్యాను అన్ని గట్లూ తిరుగుద్దండి. ఏ గట్టు ఎక్కడుందో మాకు తెలవాలి కదండీ, లేకపోతే చేపలు పాడైపోతాయండి.” తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. “మేడం గారూ, ఈ నెంబరు తీసేస్తారని అంటన్నారు. నిజవేనాండి?”

ఏం చెప్పను? ఆ కాగితం నా సంచిలోనే ఉంది.

అప్పుడే, పదకొండు గంటల ఐదు నిమిషాలకు, ఫోను మోగింది.

ప్రభుదాసు ఎత్తాడు. “ఎక్కడున్నారండీ?” అన్నదే మొదటి మాట. పేరు లేదు, తండ్రి పేరు లేదు. “రెండో మోటారు గట్టా? తూము ఇవతలా అవతలా?... ఎప్పుడు కరిచింది?... కాలు కదపనివ్వకండి. కొయ్యకండి, గట్టిగా కట్టకండి. పడుకోబెట్టి ఉంచండి. వచ్చేత్తన్నాం.” పెట్టేసి, ఏలూరు ఆసుపత్రికి చేశాడు. “ఐసు ఫ్యాక్టరీ నుంచండి. పాము కాటండి, మగమనిషి, గంటలో తెత్తామండి.”

బయట వ్యానులో అప్పటికే ఎక్కించి ఉన్న ఐసు దిమ్మలను డ్రైవరు, సుబ్బారావు కలిసి మళ్ళీ దించుతున్నారు. పెద్ద పెద్ద దిమ్మలు, ఎండలో రోడ్డు మీద. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. “నేను ఏలూరే వెళ్ళాలి” అన్నాను. “ఎక్కండమ్మా” అన్నాడు డ్రైవరు.

గట్టు మీద వ్యాను రెండు చక్రాల వెడల్పున వెళ్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. తూము దగ్గర చేపలకు మేత వేసే మనిషి పడుకుని ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళు ఉండవు. భార్య తల దగ్గర కూర్చుని ఉంది. వెనక ఊక బస్తాల మీద అతన్ని పడుకోబెట్టి, భార్యనూ సుబ్బారావునూ ఎక్కించుకుని బయలుదేరాం. దారి పొడవునా ఆ అమ్మాయి ఒక్కటే మాట అడిగింది. “ఐసు వ్యాను ఎక్కాక ఎవరికీ ఏం కాదంటారు, కదండీ?” అవునమ్మా అన్నాను. అవునని చెప్పే హక్కు నాకు లేదు. నా కాగితం ఆ వ్యానుకు కబురందే దారినే తెంపబోయింది.

పన్నెండుంబావుకి ఏలూరు ఆసుపత్రి. గేటు దగ్గరే మంచం సిద్ధంగా ఉంది. “ఐసు వ్యానేనా? ఇటు తీసుకురండి” అంది నర్సు. గేటు మనిషికి తెలుసు, డాక్టరుకు తెలుసు, బస్సులో జనానికి తెలుసు. తెలియనిది రిజిస్టరుకూ, కన్సల్టెంటుకూ.

నా తిరుగు బండి మధ్యాహ్నం మూడున్నరకి. అప్పటిదాకా వార్డు బయట బల్ల మీద కూర్చున్నాను. సూది మందు ఇచ్చారు, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. సుబ్బారావు నన్ను రిక్షా ఎక్కిస్తూ, “నా పుస్తకం వల్లే ఇంత పనయిందాండి?” అని అడిగాడు. మీ పుస్తకం వల్ల కాదు, దాన్ని చదివి లేవకుండా కూర్చున్న నా వల్ల అన్నాను.

బండిలో కిటికీ పక్కన కూర్చుని మొదటిసారి ఆ బిల్లుల కట్ట విప్పాను. కాల్స్ లేని ఫోనుకు ప్రతినెలా బిల్లులో బయటికి చేసిన కాల్స్ ఉన్నాయి. ఒక్క నెల కూడా సున్నా లేదు. ఫోన్లు తప్ప ఇంకేదీ తెలియని మనిషిని, నా బల్ల మీదే నెలరోజులు పడి ఉన్న ఆ కట్టను విప్పలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను. చిత్తుప్రతిలో ఆ పేజీ చించాను. ‘మూడు గదులూ కలపవచ్చు. కొల్లేరు నెంబరు మాత్రం ఐసు ఫ్యాక్టరీ నుంచి మార్చరాదు, ఒక్క గంట కూడా ఆపరాదు. ఫారంలో మొదటి గడి, ఎక్కడున్నారు’ అని కొత్త కాగితం మీద రాశాను. లైన్‌మన్ చేసింది తప్పేనని కూడా రాశాను, ఆ తప్పు ఎంతమందిని బతికించిందో చూడటానికి సండే స్కూలు నోటుపుస్తకం తెప్పించుకోమని కింద రాశాను. వాళ్ళు వింటారో లేదో నాకు తెలియదు. కన్సల్టెంటు రాయగలదు, అంతే.

విజయవాడలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎస్టీడీ బూతుకి పరిగెత్తి, గోడల మీద ఎర్రరంగుతో చూసిన ఆ నెంబరు కొట్టాను. రెండో మోతకే ఎత్తారు.

“ఎక్కడున్నారండీ?”

“నేనయ్యా, ఉదయం వచ్చిన మేడమ్‌ని. విజయవాడలో ఉన్నాను, నాకేం కాలేదు. అతనికి ఎలా ఉంది?”

“ఇందాకే ఆసుపత్రి నుంచి సుబ్బారావు గారు ఫోను చేశారండి. కళ్ళు తెరిచాడంటండి. మంచినీళ్ళు అడిగాడంటండి.”

నెంబరు గురించి రాసిన మాట చెప్పాలనుకున్నాను, క్షమాపణ అడగాలనుకున్నాను. “ప్రభుదాసు గారూ, అసలు నేను...” అని మొదలుపెట్టాను.

“పెట్టేత్తానండి మేడం గారూ, ఏమీ అనుకోకండి. లైను ఖాళీగా ఉండాలండి.”

పెట్టేశాడు. గడ్డివాము తగలబడుతున్నా భోజనాలయ్యాయా అని అడిగే ఆ దేశంలో, మూడు రోజుల్లో నా మాటను మధ్యలో తుంచేసిన మనిషి ఆయనొక్కడే. రిసీవరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. డయల్ టోను వినిపిస్తూనే ఉంది.