వానలోనూ అద్దాలు కనబడే కార్డు

చెన్నకేశవ ముప్పయ్యొక్క ఏళ్లు లారీ తోలాడు. డెంకణికోట దగ్గర సొంత చేలో పండిన టమాటాతో మొదలుపెట్టి, ఊరందరి క్యాబేజీ, ఆపైన హోసూరు ఫ్యాక్టరీల సరుకు నాగపూరు దాకా మోశాడు. రెండేళ్ల కిందట తుంటి ఎముకకు ఆపరేషన్ అయింది. నడవచ్చు, సేద్యం చూసుకోవచ్చు, క్లచ్ మాత్రం తొక్కొద్దన్నాడు డాక్టరు. లారీ అమ్మిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. మరునాడు రెండింతలు తిన్నాడు.

కూతురు కావ్యశ్రీ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో డిజైన్ పని చేస్తుంది. నాయన కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాడని చూసి, తన పాత కంప్యూటర్‌లో లారీ తోలే ఆట పెట్టి, బల్లకు స్టీరింగ్ బిగించి ఇచ్చింది. క్లచ్ అక్కర్లేదు, బటన్ నొక్కితే గేరు పడుతుంది. మొదటి వారం ఆయన నవ్వాడు. రెండో వారం పక్కన పెట్టిన టీ చల్లారిపోసాగింది. మూడో వారం ఫిర్యాదులు మొదలయ్యాయి.

“అద్దాలు మసకమ్మా. వాన పడితే బండి ఎగిరెగిరి పడతాది. ఇట్ల తోలితే మనిషి చస్తాడు.”

“ఆటలో ఎవరూ చావరు నాయనా.”

“నా పరువు చస్తాది కదా!”

తెర మీద బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డనీ, అద్దంలో కనబడే రోడ్డును కూడా అదే విడిగా గీయాలనీ, పాత కార్డుకు అంత శక్తి లేదనీ కావ్యశ్రీ చెప్పింది. కొత్త కంప్యూటరే కట్టిద్దామని తీర్మానమైంది. మిగతా భాగాలన్నీ ఆమె ఎంచింది. కార్డు మాత్రం తానే చూస్తానన్నాడు తండ్రి.

శనివారం ఇద్దరూ హోసూరులో మురుగన్ కొట్టుకు వెళ్లారు.

“ఏం గేమ్ ఆడతావమ్మా?” అన్నాడు మురుగన్.

“నేను కాదన్నా, మా నాయన.”

మురుగన్ ఒకసారి ఆయన తెల్ల మీసాల వంక చూసి, మారుమాట లేకుండా మూడు కార్డులు బల్ల మీద పెట్టాడు. మొదటిది మూడు ఫ్యాన్లతో ఇటుకంత ఉంది.

“మాది మామూలు తెరే. దానికి ఇంత కావల్నా?” అని అడిగాడు చెన్నకేశవ.

“వద్దన్నా. పెద్ద తెర ఉంటేనే ఇది.”

రెండోది ఎవరో వాడి అమ్మేసినది. శక్తిలో మొదటిదానికి దగ్గర, ధరలో సగం. కావ్యశ్రీ కళ్లు మెరిశాయి. తండ్రి మాత్రం దాన్ని వాకిలి దగ్గరికి తీసుకుపోయి, కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

“దీన్ని విప్పినారప్పా. స్క్రూల తలకాయలు చూడు, ఎట్ల గీరుకోనుండాయో.”

“దుమ్ము తుడిచేదానికి విప్పింటారన్నా.”

“పాత బండి కొనేటప్పుడు మేము ఇంజన్ బోల్టులే మొదట చూస్తాము. సరే, ఘాట్ రోడ్డు ఎక్కించి చూద్దాం. ఒక గంట దీన్ని బాగా శ్రమపెట్టు.”

మురుగన్ ఒప్పుకుని కార్డు బిగించి, కఠినమైన పరీక్ష ఒకటి పెట్టాడు. ముగ్గురూ మిరపకాయ బజ్జీలు తింటూ కూర్చున్నారు. నలభై నిమిషాలు ఏమీ కాలేదు. కావ్యశ్రీ నాయన వైపు చూసి ఏదో అనబోయింది. అంతలో తెర నిండా ఎర్ర చారలు, పచ్చ చారలు లేచాయి. ఆ వెంటనే తెర నల్లబడింది.

మురుగన్ ముఖం వాడిపోయింది. “నేను పది నిమిషాలే చూసినానన్నా.”

“ఘాట్ రోడ్డు మొదుట్లో అన్ని బండ్లూ బాగనే ఎక్కుతాయప్పా” అని అతని భుజం తట్టాడు చెన్నకేశవ.

మిగిలింది రెండు ఫ్యాన్ల కొత్త కార్డు. దాని మీద లారీ ఆటే పెట్టించి, జోరు వానలో, రెండు అద్దాలూ తెరిచి, గంటసేపు తానే తోలాడు. కొట్టుకు వచ్చిన వాళ్లు వెనక నిలబడి చూశారు. ఎక్కడా జంకలేదు, బండీ, మనిషీ. ఆ కార్డే కొన్నారు. బయల్దేరేటప్పుడు మురుగన్ ఆయన ఫోన్ నంబరు అడిగి రాసుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా వాడిన కార్డులు కొట్టుకు తెస్తే, చూసి చెప్పమని ఆయనకు కబురు పెడతాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కుతాడు.

కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చిన మరుసటి ఆదివారం మధ్యాహ్నం భార్య అంజినమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది. తెర మీద ఎవరో ఆటగాళ్లు తయారుచేసిన మన రోడ్లే, కృష్ణగిరి వైపు దారి.

“ఇట్ల దోవల్లోనే పోతా ఉంటివా?”

“గుంతలు ఇంకా ఎక్కువ.”

ఆమె కాసేపు చూసింది. “ముప్పై ఏండ్లలో ఒక్క దినమన్నా నన్ను ఎక్కించుకోనుంటే ఏం పోయేది?”

చెన్నకేశవ బండి పక్కకు తీసి ఆపి, లేచి, తన కుర్చీ ఆమెకిచ్చాడు. ఏది బ్రేకో, ఏది గేరో చూపించాడు. అంజినమ్మ చిక్కుళ్ల చేట ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, తిన్నగా పోయి టోల్‌గేటును గుద్దింది.

“బ్రేకు! బ్రేకు!” అని అరిచాడాయన.

“అరవద్దప్పా” అంది అంజినమ్మ, “వెనక్కి పోయే బటన్ యాడుందో చెప్పు.”