పెండ్లి లేని పందిరి

మా వియ్యపురాలు పోయింది. ఫోన్ మోగితే చాలు, ఎవరికి ఏమైందో అని గుండె దడదడలాడే మనిషిని నేను. ఆ పొద్దున మాత్రం భయపడలేదు. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి తనే మాట్లాడింది. రేపు ఇంటికి పంపిస్తున్నారని, చేపల పులుసు వండుకుని శామీర్‌పేటకు రమ్మని నాకే పని చెప్పింది. అందుకే ఫోన్ మోగినా నేను చింతపండు నానబెడుతూనే ఉన్నాను. కోడలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గడప మీద కూర్చుండిపోయింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

శామీర్‌పేట బస్సుల్లో తిరిగేవాళ్లలో కొందరికైనా ఆమె గుర్తుండవచ్చు. పెద్ద బొట్టు, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. పక్క సీట్లో ఎవరు కూర్చున్నా, ఇంట్లో పెండ్లీడు పిల్లలున్నారా అని మాట కలిపేది. ఉన్నారంటే కొంగు ముడి విప్పి మా పిల్లల డెకరేషన్ షాపు కార్డు ఇచ్చేది. లేరన్నా ఇచ్చేది. ఆసుపత్రిలో సూది వేయడానికి వచ్చిన నర్సమ్మకు కూడా ఇచ్చిందట. ముందు నీ బీపీ తగ్గనీ అమ్మా అని ఆ పిల్ల నవ్విందట.

ఆమె కూతురే నా కోడలు. పూల పని చేతిలో ఉన్న పిల్ల. నా కొడుకు గుండ్లపోచంపల్లి గోదాములో పని మానేసి ఆమెతో కలిశాడు. మేడ్చల్‌లో ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నారు. పుట్టినరోజులు, బారసాలలు వచ్చేవి గానీ పెండ్లి ఆర్డరు ఒక్కటీ రాలేదు. ఫంక్షన్ హాళ్లకు సొంత డెకరేషన్‌వాళ్లు ముందే ఉంటారు కదా, మనలాంటి చిన్నవాళ్లను ఎవరు పిలుస్తారు. అప్పుడే హైవే మీది ఒక హాలులో పెండ్లి ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసింది. చీరలవాళ్లు, ఫోటోలవాళ్లు, మేళాలవాళ్లు, వంటవాళ్లు అందరూ స్టాళ్లు వేస్తారని, మనమూ వేద్దామని కోడలు అన్నది. అక్కడ కూడా ఆర్డరు దొరకకపోతే షట్టర్ దించేసి మళ్లీ గోదాముకు పోతానని కొడుకు అన్నాడు.

నా భయం వేరే. మా దిక్కు పెండ్లి ఖాయమైతేనే పందిరి గుంజ పాతుతారు. వేసిన పందిరి కింద పెండ్లి కాకుండా దాన్ని పీకేస్తే ఇంటికి మంచిది కాదని మా అవ్వ చెప్పేది. ఇక్కడేమో మామిడాకులు, నేరేడు కొమ్మలు, బంతిపూల దండలతో నిజమైన పందిరే వేస్తున్నారు. కింద రెండు ఎర్ర కుర్చీలు. పెండ్లికొడుకు లేడు, పెండ్లికూతురు లేదు. ఎగ్జిబిషన్ అయిపోగానే పీకేస్తారు. కోడలు అప్పుడు కడుపుతో ఉంది. ఆ పిల్ల స్టూలెక్కి తన చేతులతో తోరణం కడుతుంటే నేను కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాను. కొడుకుతో అంటే కసురుకుంటాడు. కోడలితో అంటే భయపడుతుంది. వియ్యపురాలిని పక్కకు పిలిచి చెవిలో చెప్పాను.

ఆమె కాసేపు పందిరి వంక చూసింది. తర్వాత నవ్వింది.

"పందిరి వట్టిగ ఉంటెనే గద వదినా నీ రంది. ఉండదు తియ్యి. భయపడేది నువ్వు పడు, కూసునేది నేను కూసుంట."

బయట బీడీ తాగుతున్న మా వియ్యంకుడిని చేయి పట్టి లాక్కొచ్చింది. ఆయన మాసిన తువ్వాలతో, దుమ్ము కాళ్లతో ఉన్నాడు. ఏందే గిది, మనుషులు జూస్తున్నరు అని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చుని, తలమీద కొంగు కప్పుకుంది. బుట్టలోంచి స్టీలు డబ్బా తీసి నా చేతికిచ్చింది. అందులో అక్షింతలు. వేయమన్నది, వేశాను. అటూ ఇటూ పోయేవాళ్లు ఆగి నవ్వారు. నవ్వినవాళ్లు మా స్టాలు ముందే నిలబడ్డారు.

వాళ్లలో సూరారం నుంచి వచ్చిన పెద్ద వయసు జంట ఒకటి ఉంది. ఆయన ఫ్యాక్టరీలో చేసి మానేసినవాడు. మనవరాలి పెండ్లి పనుల మీద వచ్చారు. వియ్యపురాలు లేచి వాళ్లను రమ్మన్నది. మాకెందుకమ్మా అని ఆ పెద్దమ్మ వెనక్కి జరిగింది.

"మీ పెండ్లి ఫోటో ఉన్నదా ఇంట్ల?" అని అడిగింది మా వియ్యపురాలు.

లేదన్నది ఆమె. ఆ రోజుల్లో ఫోటోలు ఎవరు తీశారు, మా నాయిన వాకిట్లో నాలుగు తాటాకులు కప్పి చేశాడు అన్నది. ఇగ రండి మరి అని మా వియ్యపురాలు ఇద్దరినీ కూర్చోబెట్టింది. చేతిలో సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన ఒళ్లోనే పెట్టుకున్నాడు. కొడుకు ఫోన్‌లో ఫోటో తీసి వాళ్లకు పంపించాడు. కొన్నాళ్లకు వాళ్ల మనవరాలి పెండ్లికి పందిరి మా పిల్లలే వేశారు. అదే మొదటి పెండ్లి ఆర్డరు.

ఆ తర్వాత ఏ ఎగ్జిబిషన్ అయినా అదే పద్ధతి. పందిరి లేవగానే ముందు వాళ్లిద్దరూ కూర్చునేవారు, తర్వాత వచ్చిన జంటలను కూర్చోబెట్టేది. ముసలోళ్లకు పెండ్లి చేసే స్టాలని పేరుపడింది. ఒకసారి ఎదురు స్టాలు పిల్లగాడు, ఇది ఎగ్జిబిషనా, వృద్ధాశ్రమమా అని ఎగతాళి చేశాడు.

"నువ్వు గూడ ముసలోనివి అయితవు బిడ్డా. అప్పుడు నీ పెండ్లాన్ని తోలుకొని రా, నీకు గూడ వేస్తం" అన్నది. వాడు సాయంత్రం మాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

నన్ను కూడా ప్రతిసారీ అడిగేది. ఒక్కసారన్నా కూసో వదినా, అన్న ఎదురు చూస్తుండు అని మా ఇంటాయన ముందే ఆటపట్టించేది. నేను వచ్చేసారి అనేదాన్ని. సిగ్గు ఒకటి. రెండోసారి పెండ్లి పీట మీద కూర్చుంటే ఆయనకు ఏమన్నా అవుతుందేమో అని భయం ఒకటి. కోడలికి కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల, ఇప్పుడు బడికి పోతోంది. అయినా నా భయం పోలేదు. ఒకటి తీరితే ఇంకోటి పట్టుకుంటాను. నేను భయం చెప్తే ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చెప్పు వదినా, ఇంకేమన్నా ఉన్నదా అని చివరిదాకా వినేది.

ఆమె పోయే ముందే పిల్లలు మరో ఎగ్జిబిషన్‌లో స్టాలు తీసుకుని ఉన్నారు. దినాలు అయిపోయాయి గానీ, తల్లి పోయిన నెలలోనే బిడ్డ తన చేత్తో పెండ్లి పందిరి వేయవచ్చునా అని నాకు మళ్లీ దిగులు. కోడలు మానేద్దామన్నది. మా వియ్యంకుడే ఒప్పుకోలేదు. మీ అమ్మ కార్డులు పంచింది షట్టర్ దించుకునేటందుకా అన్నాడట. ఆయనే ముందుగా ట్రాలీ ఎక్కి కూర్చున్నాడు.

పందిరి లేచింది. కుర్చీలు వేశారు. ఎవరూ కూర్చోలేదు. జనం చూసి పోతున్నారు, పిలిచే నోరు లేదు. కోడలు అటు తిరిగి, కట్టిన దండనే విప్పి మళ్లీ కడుతోంది. వియ్యంకుడు పూల డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ఆ స్టీలు డబ్బా. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. పందిరి వట్టిగా ఉంది అన్నా, అని ఆయనతో అన్నాను.

"ఆమెకు గూడ గదే భయముండె చెల్లె" అన్నాడు ఆయన. "ఆ మొదటిసారి ముందురోజు బువ్వ తినలె. బిడ్డ కడుపుతోటి ఉన్నది, పెండ్లి లేకుండ పందిరి ఎట్ల ఏస్తరని ఒకటే రంది. నువ్వు గూడ గా మాటే అనేసరికి, ఇద్దరం భయపడితే పిల్లలు ఆగమైతరని నన్ను గుంజుకపోయి కూసోబెట్టింది. నా చెయ్యి పట్టుకుంటే ఆమె చెయ్యి సల్లగ ఉండె."

ఇన్నేళ్లు ఆమెకు భయం లేదనుకున్నాను. ఉండి కూడా నా భయం విన్నది.

మా ఇంటాయన కార్డులు సర్దుతున్నాడు. చెప్పులు విడిచి రమ్మన్నాను. కార్డులు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఇద్దరం పోయి కూర్చున్నాం. తలమీద కొంగు కప్పుకున్నాను, నా చేతులు కూడా చల్లబడ్డాయి. కోడలు చేతిలో దండ పట్టుకుని అలాగే నిలబడి చూసింది. వియ్యంకుడు లేచి వచ్చి డబ్బా మూత తీశాడు. అక్షింతలు ఆమె కలిపి పెట్టినవే. సగం మా ఇద్దరి తలల మీద వేశాడు. మిగిలినవి ఎడమచేతిలోకి మార్చుకుని పక్కకు జరిగాడు.

ఎవరో ఒక జంట ఆగింది. కూర్చుంటారా అని నేనే అడిగాను. వాళ్లు వచ్చారు. వాళ్ల తర్వాత ఇంకొకరు.

సాయంత్రం పందిరి విప్పి సామాను ట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. వియ్యంకుడు తాడు ఒక్క చేత్తోనే లాగుతున్నాడు. నొప్పి పుట్టిందేమో అని భయమేసి దగ్గరికి వెళ్లాను. ఆయన ఎడమచేతి పిడికిలి ఇంకా మూసే ఉంది.